ఓడ దిగాక ఆరు గంటలు: రేవు గేటు దగ్గరే మొదలయ్యే చెన్నపట్నం

చెన్నై రేవులో క్రూయిజ్ ఓడ ఆగిన రోజున దిగినవాళ్ళలో చాలామంది బస్సెక్కి నేరుగా మహాబలిపురం పోతారు. వెళ్ళొచ్చేసరికి సాయంత్రమవుతుంది, ఓడ కదిలిపోతుంది. ఓడ ఏ ఊరి గోడకు ఆనుకుని నిలబడిందో ఆ ఊరిని మాత్రం చూడరు. తెలుగువాళ్ళ విషయంలో ఇది పెద్ద నష్టం. ఈ పట్నం పుట్టిందే తెలుగు నాయక పాలకులు ఇచ్చిన నేల మీద. మొదటి గుడి, మొదటి బజారు, వీధుల పేర్లు, ఆ తర్వాత అచ్చయిన పుస్తకాలు, నడిచిన ఉద్యమాలు, అన్నింట్లోనూ మనవాళ్ళ చెయ్యి ఉంది. అదంతా రేవు గేటు నుంచి రెండు కిలోమీటర్ల లోపే ఉంది. నడిచి చూడొచ్చు.

ఈ వివరాలు రెండు రకాల వాళ్ళకు పనికొస్తాయి. ఓడలో వచ్చి చెన్నైలో ఒక పగలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళు ఒకరు. సింగపూరు నుంచో అమెరికా నుంచో అలా వచ్చే అన్ననో పిన్నినో కలుసుకుని ఊరు చూపించాల్సిన చెన్నై తెలుగువాళ్ళు ఇంకొకరు.

ముందు గడియారం లెక్క

ఓడ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 6కి వెళ్తుందని కాగితం మీద ఉంటే చేతిలో పది గంటలు ఉన్నట్టు కాదు. వెనక నుంచి లెక్క వేయాలి. ఓడ బయలుదేరే సమయం వేరు, అందరూ ఎక్కి ఉండాల్సిన సమయం వేరు. రెండోది అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. దానికి కనీసం మరో గంట ముందు మీరు రేవు గేటు దగ్గర ఉండాలి. గేటు దగ్గర భద్రతా తనిఖీ, లోపల షటిల్ బస్సు కోసం ఎదురుచూపు, ఓడ ముందు మళ్ళీ సంచి తనిఖీ ఉంటాయి. విదేశం నుంచి వచ్చిన ఓడైతే ఉదయం ఇమిగ్రేషన్ వరస కూడా కలపాలి. వెయ్యిమంది ఒకేసారి దిగితే గంటన్నర తేలిగ్గా పోతుంది. ఇవన్నీ తీసేస్తే పది గంటల ఆగుడులో మీకు నిజంగా మిగిలేది ఆరు గంటలు.

ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటే కాకపోవచ్చు. ఫుకెట్ సమయం మనకంటే గంటన్నర ముందు, సింగపూరు సమయం రెండున్నర గంటలు ముందు నడుస్తాయి. కొన్ని ఓడలు దారిలోనే గడియారం మార్చేస్తాయి, కొన్ని మార్చవు. ఒడ్డుకు రాగానే ఫోను తనంతట తాను మన సమయానికి మారిపోతుంది. అందుకే దిగే ముందు ఓడలోని గోడ గడియారాన్ని, ఫోనును పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్నింటికి తిరిగి రావాలో ఏ గడియారం ప్రకారమో కూడా కలిపి కాగితం మీద రాసుకోండి. చేతి గడియారం ఉంటే దాన్ని ఓడ సమయంలోనే ఉంచండి, ఊళ్ళో ఎవరేం చెప్పినా ముట్టుకోకండి.

ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన యాత్రలో వెళ్తే, ఆ బస్సు ఆలస్యమైనా ఓడ దాని కోసం ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. సొంతంగా తిరగడంలో ఉన్న అసలు రిస్కు అదొక్కటే. రేవుకు దగ్గరగా ఉండే నడక మార్గం ఎంచుకుంటే ఆ రిస్కు దాదాపు పోతుంది. మహాబలిపురం దారిలో ట్రాఫిక్ ఆగితే చేయగలిగింది ఏమీ ఉండదు. రేవు ఎదుటి పాత పట్నమైన జార్జిటౌనులో ఆటో దొరక్కపోతే నడిచే వచ్చేయొచ్చు.

గేటు దాటేదాకా

చెన్నై రేవు సరుకుల రేవు. లోపల క్రేన్లు, లారీలు తిరుగుతుంటాయి కాబట్టి ఓడ దగ్గర నుంచి గేటు దాకా నడవనివ్వరు, షటిల్ బస్సులోనే రావాలి. లోపల ఫొటోలు తీయకూడదు. ఆటోలు, యాప్ కారులు లోపలికి రావు. మిమ్మల్ని ఏ గేటు దగ్గర దింపుతారో, తిరిగి ఎక్కించుకునేది కూడా అక్కడేనా అన్నది బస్సు డ్రైవరును అడిగి తెలుసుకోండి. గేట్ల మధ్య దూరం చాలా ఉంది. తప్పు గేటుకు చేరితే అరగంట పోతుంది.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు వీసాయో, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డో ఉండాలి. ఈ-వీసాతో ఓడలో వచ్చినవాళ్ళను అనుమతించే రేవుల్లో చెన్నై ఒకటి, కానీ ఆ వీసా ముందే తీసుకుని రావాలి. ఓడలో ఇవ్వరు. ఓసీఐ ఉన్నవాళ్ళు కార్డును ఓడ గదిలో వదిలి రావద్దు. చారిత్రక కట్టడాల్లో, మ్యూజియాల్లో ఓసీఐ వాళ్ళకు భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. మహాబలిపురంలో విదేశీయులకు 600 రూపాయలు, మనవాళ్ళకు 40. కార్డు చూపించలేకపోతే ఆ తేడా కట్టాల్సిందే. విశాఖ నుంచో పుదుచ్చేరి నుంచో దేశం లోపలే తిరిగే ఓడలో వస్తే ఇమిగ్రేషన్ లేదు. కానీ గేటు దగ్గర ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు, ఓడ కార్డు రెండూ అడుగుతారు.

దిగే ముందు ఓడ ఇచ్చే ఆ రోజు కాగితాన్ని ఫొటో తీసుకోండి. రేవులో ఓడ తరఫున పనిచేసే ఏజెంటు ఫోను నంబరు అందులో ఉంటుంది. ఓడ తప్పిపోతే మొదట ఫోను చేయాల్సింది ఆయనకే. చాలా ఓడల్లో అలాంటివాళ్ళ పాస్‌పోర్టును గది నుంచి తీసి ఏజెంటుకు అప్పగించి వెళ్తారు.

సంచిలో తలా ఒకటిన్నర లీటర్ల నీళ్ళు, 10, 20, 50 రూపాయల నోట్లు కలిపి ఒక వెయ్యి, ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునే మ్యాపు, చెప్పులు పెట్టుకోవడానికి గుడ్డ సంచి, పాత సాక్సులు ఒక జత ఉండాలి. సాక్సులెందుకంటే, పదకొండు దాటాక గుడి ప్రాకారంలో రాతి నేల కాళ్ళు నిలవనివ్వదు. గుడిలో సాక్సులకు అభ్యంతరం చెప్పేవాళ్ళు తక్కువ, చెప్తే తీసేయొచ్చు. విదేశీ సిమ్ ఉన్నవాళ్ళకు యూపీఐ పనిచేయకపోవచ్చు కాబట్టి చిల్లర నోట్లే దిక్కు.

చెన్నై బంధువులకు ఒక మాట. మీరు లోపలికి వెళ్ళలేరు. రేవు గోడకు ఎదురుగా, రాజాజీ సాలై అనే రోడ్డు అవతల చెన్నై బీచ్ స్టేషను ఉంది. కలుసుకునే చోటుగా దాని ముఖద్వారాన్ని చెప్పండి. గేటు బయట రోడ్డు మీద కారు ఆపి ఎదురుచూడటం కుదరదు. ఇక్కడికి కారు కంటే రైలులో రావడమే మేలు.

ముందు గుళ్ళు, తర్వాత కోట

చాలా యాత్రా పట్టికలు ఈస్టిండియా కంపెనీ కట్టిన సెయింట్ జార్జి కోటతో మొదలవుతాయి. చరిత్ర వరస ప్రకారం అది సరైనదే, గడియారం ప్రకారం తప్పు. ఇక్కడి గుళ్ళు మధ్యాహ్నం పన్నెండు లోపే తలుపులు వేస్తాయి, మళ్ళీ నాలుగు దాటాకే తీస్తాయి. మీ ఓడ సమయానికి ఆ రెండో పూట అందదు. కోట మ్యూజియం మాత్రం సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. కాబట్టి గేటు దాటింది మొదలు పన్నెండు వరకు గుళ్ళు, వీధులు. ఎండ ముదిరాక నీడనిచ్చే కోట, మ్యూజియం.

వారాన్ని కూడా చూసుకోవాలి. శుక్రవారం కోట మ్యూజియం, ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం రెండూ మూసి ఉంటాయి. ఆదివారం జార్జిటౌను దుకాణాలు చాలావరకు తెరవవు. భవనాలు తీరిగ్గా చూడటానికి అది మంచి రోజు, బజారు హడావిడి చూడాలంటే కాదు. శుక్రవారం ఓడ వస్తే మ్యూజియాల మాట మరిచిపోయి ఆ సమయం కూడా గుళ్ళకు, బజారుకు ఇవ్వండి.

గేటు బయటి గోడ వెంబడి ఉన్న చిన్న చిన్న దుకాణాల వరస బర్మా బజార్. బర్మా నుంచి తిరిగొచ్చిన కాందిశీకుల బతుకుతెరువు కోసం 1960ల చివర మొదలైంది. రంగూను రేవులో మూటలు మోసినవాళ్ళలో మన కోస్తా తెలుగువాళ్ళు వేలల్లో ఉండేవారు. కోరంగి రేవు నుంచి వెళ్ళేవారు కాబట్టి వాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. ఇప్పుడు బజారులో అమ్మేవి ఎక్కువగా ఫోను సామాన్లే. చూడాల్సింది చుట్టుపక్కల బండ్ల మీద కలిపే అత్తో అనే బర్మా తిండి. ఉడికించిన నూడుల్సులో క్యాబేజీ, వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, చింతపండు రసం, కారం, నలిపిన కరకర వడ వేసి చేత్తో కలుపుతారు. పక్కన అరటి దూట సూపు ఇస్తారు. బండ్లు మధ్యాహ్నం తర్వాతే జోరందుకుంటాయి. తిరిగి వచ్చేటప్పటికి ఉంచుకోండి.

రోడ్డు దాటి స్టేషను పక్కగా లోపలి వీధుల్లోకి వెళ్ళండి. రాజాజీ సాలైకి సమాంతరంగా ఎర్రబాలు చెట్టి వీధి, లింగి చెట్టి వీధి, తంబు చెట్టి వీధి, ఆర్మీనియన్ వీధి, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ రాజాజీ సాలై ఒకప్పుడు సముద్రపు ఒడ్డు. హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా అలల అవతల లంగరు వేసేవి. కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషులూ సరుకులూ ఒడ్డు చేరేవి. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు పగిలిపోయేది, కుట్టిన పడవ వంగి తట్టుకునేది. 1870ల్లో రేవు గోడలు కట్టడం మొదలుపెట్టాక, 1881 తుపాను వాటిని చితక్కొట్టింది. మళ్ళీ కట్టారు. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడ అడ్డుపడేసరికి ఇసుక దక్షిణాన పేరుకుని మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం కోసుకుపోయింది. మీ ఓడ డెక్కు మీద నుంచి రెండు వైపులా చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. ఒకవైపు ఇసుక మైదానం, ఇంకోవైపు అలలకు అడ్డంగా పోసిన బండరాళ్ళు.

తంబు చెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి ఉంది. విశ్వకర్మల ఆలయం. మొదట కోట ప్రాంతంలో ఉండి ఇక్కడికి మారింది. 1677 అక్టోబరులో శివాజీ వచ్చి అమ్మవారిని దర్శించుకున్నాడన్నది గుడివారి సంప్రదాయం. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఫోను ఆపి సంచిలో పెట్టండి. తమిళనాడు గుళ్ళలో ఫోన్ల మీద నిషేధం ఉంది, బయట దాచే ఏర్పాటు ప్రతిచోటా ఉండదు. మోకాళ్ళు కనిపించే నిక్కర్లతో గుడికి రావద్దు. ఓడలో అవే వేసుకుని దిగేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు ఒక పంచెనో పెద్ద దుప్పటానో సంచిలో వేసుకుంటే సరి.

పక్క వీధిలో 1772 నాటి ఆర్మీనియన్ చర్చి. ఇప్పుడు ఇక్కడ ఆర్మీనియన్లు లేరు. ప్రాంగణంలో నేల పరుచుకున్నవన్నీ సమాధి రాళ్ళే, చూసి నడవండి. విడిగా కట్టిన గంటగోపురంలో ఆరు గంటలున్నాయి. ప్రపంచంలోనే మొదటి ఆర్మీనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులోనే. దాన్ని నడిపిన మతగురువు సమాధి కూడా ఇక్కడే ఉంది. తెలుగు పత్రికలు, పుస్తకాలు ఎన్నో వెలువడ్డ ఊళ్ళో ఇంకో భాషకు కూడా తొలి పత్రిక పుట్టిందంటే, ఈ నాలుగు వీధుల్లో అచ్చుయంత్రాలకు ఎంత పని ఉండేదో ఊహించుకోవచ్చు. ఇక్కడికి ముందు రండి, మధ్యాహ్నానికి గేటు మూసేస్తారు.

ఆర్మీనియన్ వీధి దాటితే బ్రాడ్వే. దాని ఇప్పటి పేరు ప్రకాశం సాలై. టంగుటూరి ప్రకాశం ఈ చుట్టుపక్కలే బారిస్టరుగా సంపాదించి, అదంతా వదిలేసి స్వరాజ్య పత్రిక నడిపారు. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా ఊరేగినప్పుడు పోలీసు తుపాకీకి ఛాతీ చూపింది ఇక్కడి పారీస్ కార్నర్ కూడలి ప్రాంతంలోనే. పిల్లలతో వచ్చినవాళ్ళు ఈ వీధి పలక కింద ఒక నిమిషం నిలబడి ఆ సంగతి చెప్పండి. పాఠ్యపుస్తకంలో చదివిన మనిషి పేరు పరాయి ఊళ్ళో బోర్డు మీద కనబడితే గుర్తుండిపోతుంది.

పట్నం గుడి

ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు వెంట పడమరగా పది నిమిషాలు నడిస్తే పూలబజారు. అక్కడ దేవరాజ మొదలి వీధిలో పక్కపక్కనే చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లేశ్వర ఆలయాలు. ఈ నడకలో ఒక్కటే చూసే సమయం ఉంటే ఇదే చూడండి. పాతవాళ్ళు దీన్ని పట్నం గుడి అంటారు.

సంగతి ఇది. ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నంలో, నెల్లూరు తీరంలోని ఆర్మగాన్‌లో వర్తక కోఠీలు ఉండేవి. రంగు అద్దకపు బట్టలు చౌకగా దొరికే కొత్త చోటు వెతుకుతూ కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి వచ్చాడు. 1639 ఆగస్టు 22న ఈ తీరం ఏలుతున్న దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి స్థలానికి పట్టా పుచ్చుకున్నాడు. వెంకటాద్రి, ఆయన సోదరుడు అయ్యప్ప నాయకుడు, చంద్రగిరి నుంచి పాలించే విజయనగర రాజుకు సామంతులు. తండ్రి చెన్నప్ప నాయకుడు. ఆయన పేరు మీదే చెన్నపట్నం. కంపెనీకి మొదటి రోజుల్లో మధ్యవర్తిగా ఉన్న వర్తకుడు బేరి తిమ్మన్న పేరు ఈ గుడితో ముడిపడి ఉంది.

అసలు గుడి ఉన్నది ఇక్కడ కాదు, ఇప్పటి హైకోర్టు ఉన్న చోట. ఫ్రెంచివాళ్ళతో యుద్ధాల రోజుల్లో కోట ముందు మైదానం ఖాళీగా ఉండాలని 1757లో కంపెనీ దాన్ని పడగొట్టింది. బదులు ఇచ్చిన స్థలంలో మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో, జనం చందాలతో 1760ల్లో ఈ జంట గుళ్ళు లేచాయి. ఇక్కడి కొలను, రాతి స్తంభాలు, శివకేశవులకు ఉమ్మడిగా ఉన్న ప్రాంగణం నెమ్మదిగా చూడటానికి నలభై నిమిషాలు పెట్టుకోండి. పదకొండున్నర లోపు చేరాలి. కాస్త ఆలస్యమయ్యేలా ఉంటే ఆర్మీనియన్ చర్చిని వదిలేయండి కానీ దీన్ని వదలొద్దు.

తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా వెళ్ళే మద్రాసు గొడుగులు ఈ గుడి నుంచే బయల్దేరతాయి. ఆ రోజున ఓడ వస్తే అదృష్టమే, ఇబ్బంది కూడా. ఊరేగింపు జనంతో ఈ రోడ్లన్నీ నిండిపోతాయి, మధ్యాహ్నం తర్వాత ఆటో కదలదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చేవాళ్ళు తేదీ చూసుకుని, ఆ రోజైతే మెట్రో మీదే ఆధారపడండి. హైకోర్టు, మన్నడి మెట్రో స్టేషన్లు రెండూ నడక దూరంలోనే ఉన్నాయి.

గుడి నుంచి కొత్వాల్ చావడి దగ్గరే. ఒకప్పుడు ఊరంతటికీ కూరగాయల టోకు బజారు, 1996లో కోయంబేడుకు తరలిపోయింది. ఇప్పుడు పప్పులు, మసాలా దినుసులు, పసుపు, కుంకుమ. ఇక్కడి కన్యకా పరమేశ్వరి ఆలయం ఆర్యవైశ్యులది, చావడి స్థలం కూడా ఆ దేవస్థానానిదే. ఈ కొట్లలో తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మిగతా చోట్ల "తెలుగు తెరియుమా?" అని అడగండి. "ఎత్తన మణిక్కు మూడువీంగ?" అంటే ఎన్నింటికి మూస్తారని. "ఎవ్వళవు?" అంటే ఎంత అని. "హార్బరు పోగణుం" అంటే ఆటోవాడికి అర్థమవుతుంది, అయినా గేటు నంబరు చెప్పడం మరవద్దు.

ఇక్కడ ఏమైనా కొనేటట్టయితే మూత గట్టిగా ఉన్న పొట్లాలే కొనండి. వండిన పదార్థాలు, పూలు, మొక్కలు, విత్తనాలు ఓడలోకి రానివ్వకపోవచ్చు. మల్లెపూల దండ జడలో పెట్టుకుని ఆ పూట ఆనందించాల్సిందే. కంచు విగ్రహాలు కొంటే బిల్లు తప్పక తీసుకోండి, కొత్తగా పోతపోసినదని దాని మీద రాయించండి. వందేళ్ళు దాటిన విగ్రహాన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. పాతగా కనిపించే కొత్త విగ్రహాన్ని కూడా కస్టమ్స్ వాళ్ళు ఆపి అడుగుతారు.

మధ్యాహ్నం కోటలో

పూలబజారు నుంచి కోటకు ఆటోలో పది, పదిహేను నిమిషాలు. ఎక్కేముందే ధర మాట్లాడుకోండి. దారిలో ఎర్రటి హైకోర్టు వస్తుంది, 1892లో పూర్తయిన భవనం. దాని పెద్ద గోపురం 1894 నుంచి 1970ల వరకు ఓడలకు దారి చూపే దీపస్తంభంగా కూడా పనిచేసింది. ప్రాంగణంలోనే 1844 నాటి పాత దీపస్తంభం రాతి స్తంభంలా నిలబడి ఉంది. కోర్టు పనిదినాల్లో లోపలికి వెళ్ళే ప్రయత్నం చేసి సమయం పోగొట్టుకోవద్దు, బయటి నుంచే బాగా కనిపిస్తుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ రేవులోని చమురు ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. దాని గుర్తుగా హైకోర్టు ప్రహరీ గోడకు ఒక ఫలకం ఉంది. జిత్తులమారిని ఎమ్డెన్ అనడం తమిళంలో ఆ రాత్రి తర్వాత వచ్చిందే.

సెయింట్ జార్జి కోటలోనే రాష్ట్ర సచివాలయం, శాసనసభ ఉన్నాయి. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపాలి, సంచులు తెరవాలి. అసెంబ్లీ జరిగే రోజుల్లో ఆలస్యమవుతుంది. శనివారం, ఆదివారం తేలిక. మ్యూజియానికి గంట పెట్టండి. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరిన జాతీయ జెండా లోపల ఉంది. ముందు దాని దగ్గరకు వెళ్ళండి, ఆయుధాలు, నాణేలు, నవాబుల పింగాణీ తర్వాత చూడొచ్చు.

సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. ఫిరంగి గుళ్ళకు తట్టుకోవాలని గోడలు మందంగా, కప్పు గుండ్రని కమానుగా కట్టారు. కప్పుకు కలప వాడలేదు. రాబర్ట్ క్లైవు పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. చుట్టూ నేలలో పరిచిన సమాధి రాళ్ళు ఈ చర్చివి కావు. అవి కోట బయట పాత శ్మశానంలో ఉండేవి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైనికులు ఆ సమాధులనే అడ్డం పెట్టుకుని కాల్పులు జరిపారు. అది మళ్ళీ జరగకూడదని రాళ్ళను పెకలించి ఇక్కడికి తెచ్చారు. పట్నం గుడిని ఎందుకు కూల్చారో, ఈ రాళ్ళు ఎందుకు కదిలాయో, రెండింటికీ కారణం ఒకే యుద్ధం. పొద్దున గుడి చూసి మధ్యాహ్నం ఈ రాళ్ళ మీద నిలబడితే ఆ ముడి దానంతట అదే విడుతుంది.

ఇంకా సమయముంటే

కోట ముగిసేసరికి రెండు, రెండున్నర అవుతుంది. గేటు చేరాల్సింది నాలుగింటికైతే ఇక ఆపేయండి. తీరిగ్గా భోజనం చేసి, అత్తో తిని, ఓడెక్కండి. ఐదున్నర దాకా సమయం ఉంటే ఎగ్మూరు మ్యూజియం మన కోసమే ఉంది. కోట స్టేషనులో తాంబరం వైపు లోకల్ రైలెక్కితే పార్కు స్టేషను తర్వాత ఎగ్మూరు. దిగి ఒక కిలోమీటరు. లోపల అన్నీ చూడాలనుకోవద్దు. నేరుగా అమరావతి శిల్పాల గదికి వెళ్ళండి. పాత గుంటూరు జిల్లాలోని అమరావతి స్తూపం రాళ్ళు ఇవి. 1797లో కర్నల్ మెకంజీ చూసి లోకానికి తెలియజేశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండను పోయింది, మిగిలినవి ఇక్కడున్నాయి. పాలరాయిలా కనిపించేది సున్నపురాయి, తాకొద్దు. తర్వాత కంచు విగ్రహాల భవనం, తిరువెంగాడు అర్ధనారీశ్వరుడి ముందు కాసేపు. మొత్తం గంటంబావు. తిరుగు ప్రయాణానికి బీచ్ వైపు రైలు పట్టుకుంటే రేవు ఎదుటే దిగుతారు. ఐదు దాటితే రైళ్ళు కిక్కిరిసిపోతాయి, అంతకు ముందే బయల్దేరండి.

సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్ళు మ్యూజియం వదిలేసి, పొద్దున్నే మెట్రోలో ఉత్తరంగా తిరువొత్తియూరు వెళ్ళొచ్చు. అక్కడి త్రిపురసుందరి మీద త్యాగరాజు పంచరత్నం పాడారు. 'సుందరీ నీ దివ్యరూపమును' ఆ గుడిలో పుట్టిందే. మద్రాసులో ఆయన బస చేసిన కోవూరు సుందరేశ మొదలియారు ఇల్లు జార్జిటౌనులోని బందరు వీధిలో ఉండేదని చెబుతారు. తిరువొత్తియూరు పెట్టుకుంటే ముందు అక్కడికి, తర్వాత పట్నం గుడికి వెళ్ళాలి. రెండూ పన్నెండు లోపు ముగియాలంటే తొమ్మిదికల్లా రేవు గేటు బయట ఉండాలి. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజు దాకా కచేరీల కాలం. మధ్యాహ్నపు కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు, పాడేవాటిలో ఎక్కువ భాగం తెలుగు కృతులే. ఒక గంట కూర్చుని లేచి వచ్చేయొచ్చు, పాటకూ పాటకూ మధ్య మాత్రమే లేవండి.

ఓడ రాత్రికి కూడా రేవులోనే ఉంటే లెక్క మారుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం తర్వాత దిగి, సాయంత్రం మైలాపూరు కపాలీశ్వర ఆలయం తెరిచాక వెళ్ళండి. బీచ్ స్టేషను నుంచి మైలాపూరు స్టేషనైన తిరుమయిలై దాకా ఎత్తు మీద నడిచే రైలుంది. దగ్గర్లోనే రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న ఆయన దీక్షకు కూర్చున్నది అక్కడే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచింది కూడా ఆ ఇంట్లోనే. ముందు అక్కడికి వెళ్ళి, తర్వాత గుడికి వెళ్ళండి. చీకటి పడ్డాక భవనం మూసి ఉంటుంది. రెండో రోజు జార్జిటౌను. రెండు రోజులూ పూర్తి పగళ్ళు ఉంటేనే, వాటిలో ఒకటి మహాబలిపురానికి ఇవ్వడం గురించి ఆలోచించండి. దూరం దాదాపు 60 కిలోమీటర్లు, పోనూ రానూ మూడున్నర గంటలు ప్రయాణానికే పోతాయి. అక్కడి కట్టడాలు ఆరుకు మూసేస్తారు.

ఎండాకాలంలో, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పైన చెప్పిన నడకను సగం చేయండి: పట్నం గుడి, కోట, అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనం. గట్టి వాన పడితే జార్జిటౌను సందుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలుస్తాయి, మూతలేని కాలువలు కనిపించవు. అలాంటి రోజు సందుల్లో నడవకండి. మెట్రో, రైలు పట్టుకుని మ్యూజియం ఒక్కటి చూసి రండి. ఓడ సమయాలు కూడా వానను బట్టి మారతాయి కాబట్టి ఏజెంటు నంబరుకు మధ్యాహ్నం ఒకసారి ఫోను చేసి కనుక్కోండి.